ఎడమ చేత్తో చూడలేదు

మార్చి 3, ఆదివారం

ప్రొపెల్లర్ మరమ్మతు షాపు నుంచి తిరిగొచ్చింది. అంచులు సరిచేసి, మధ్యలో ఇంజన్‌కి ఆనుకునే చోట చిత్రిక పట్టి, పైన కొత్త వార్నిష్ వేసి పంపారు. కర్ర అద్దంలా మెరుస్తుంటే అందులో చూసుకుని జుట్టు సర్దుకున్నాను.

"అద్దం కావాలంటే బావ సెలూన్లో బోలెడున్నాయి. దీన్ని మాత్రం వదిలెయ్యక్కా," అన్నాడు తమ్ముడు.

మా క్లబ్బులో ఇంజన్ ఉన్న గ్లైడర్ ఇదొక్కటే. మిగతావి తాడు కట్టి లాగితే లేచి, గాలి మీద తేలి, బుద్ధిగా వచ్చి దిగుతాయి. వాటితో మాకు పెద్దగా పని పడదు. మా అక్కాతమ్ముళ్లిద్దరికీ జీతం వస్తున్నది ఈ ఒక్కదాని మొండితనం వల్లే.

ఇద్దరం కలిసి ప్రొపెల్లర్ ఎక్కించాం. వెనక ఇంజన్, ముందు ఇనప బిళ్ల, మధ్యలో కర్ర. బిళ్లలోంచి కర్ర గుండా ఇంజన్‌లోకి వెళ్లే బోల్టులు ఆరు. ఎదురెదురువి జతగా బిగిస్తూ వచ్చాను. తమ్ముడు టార్క్ రెంచ్ పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. ప్రతి బోల్టుకీ రెంచ్ టక్కుమంది. అంటే బిగువు కుదిరినట్టే.

తర్వాత ఇద్దరం లోపల పక్కపక్కన కూర్చుని ఇంజన్ వేశాం. బాగా వేడెక్కాక మధ్య వేగంలో పెట్టి, మీటర్ల కింద ఉన్న రేకు మీద కుడి అరచెయ్యి ఆనించాను. నా అలవాటు అది. అదురు తగిలింది. చాలా సన్నగా, గోడ అవతల ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు.

"నీకు తెలుస్తోందా?" అన్నాను.

"ఏంటి?"

"అదురు."

వాడూ చెయ్యి పెట్టాడు. కాసేపు ఉంచాడు. "ఏం లేదక్కా, ఎప్పుడూ ఉండేదే," అని చెయ్యి తీసేశాడు.

మార్చి 4, సోమవారం

స్పార్క్ ప్లగ్గులు మార్చాను. ఒకదానికి మసి బాగా పట్టింది. అదే అయ్యుంటుంది.

మార్చి 5, మంగళవారం

అది కాదు.

మార్చి 6, బుధవారం

ఇవాళ కార్బురేటర్లు రెండూ సమానంగా లాగుతున్నాయో లేదో చూశాను. చిన్న తేడా ఉంటే సరిచేశాను. ఇంజన్ గొంతు నున్నబడింది. అదురు మాత్రం అక్కడే, మధ్య వేగంలోనే. వేగం పెంచితే ఉండదు, తగ్గిస్తే ఉండదు. తమ్ముణ్ని మళ్లీ అడిగాను. మళ్లీ లేదన్నాడు.

పొద్దున టీ కప్పు జారి సింకులో పడింది. పగల్లేదు. సబ్బు చేతులు.

ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు. ముప్పై ఏళ్లుగా సెలూన్లో మనుషుల మెడ మీద కత్తి ఆడించిన మనిషి. ఎవరైనా కుర్చీలో కాస్త కదిలినా ముందే కనిపెడతారు.

"పొద్దున్నే లేస్తూ చెయ్యి విదిలిస్తున్నావు," అన్నారు.

"తల కింద పెట్టుకుని పడుకున్నాను. తిమ్మిరెక్కింది."

"రోజూనా?"

"మీ దువ్వెనలు కడుక్కోండి," అన్నాను.

చెయ్యి బాగానే ఉంది.

మార్చి 7, గురువారం

టీచరమ్మ ఎగిరింది. లెక్కల టీచరుగా రిటైరయ్యాక విమానం నడపడం నేర్చుకుని, ఇప్పుడు క్లబ్బులో అందరికీ నేర్పుతున్న మనిషి. ఎగిరే ముందు నన్ను అడిగింది.

"అంతా బాగుందా అమ్మాయ్?"

"బాగుంది టీచర్‌గారూ."

తమ్ముడు పక్కనే ఉన్నాడు. వాడూ తలూపాడు.

ఆవిడ పైన ఉన్నంతసేపూ గడ్డిలో నిలబడి చూస్తూనే ఉన్నాను. దిగాక, "వెన్నలా ఉంది," అంది. చూశావా అనుకున్నాను. వెన్నలా ఉందట. ఇంకేం కావాలి?

మార్చి 9, శనివారం

ఇంజన్ కింద ఉండే రబ్బరు దిమ్మల్లో ఒకటి నెర్రె ఇచ్చింది. కొత్తది వేశాం. ఇద్దరం మళ్లీ లోపల కూర్చుని ఇంజన్ వేశాం. రేకు మీద కుడి చెయ్యి పెట్టాను.

"ఇప్పుడు లేదు. పోయింది," అన్నాను.

తమ్ముడు ఇంజన్ ఆపేసి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. వాడికి నా చాదస్తం మీద విసుగొచ్చినట్టుంది. రావడం న్యాయమే.

పోయింది. దాదాపు పోయింది.

మార్చి 11, సోమవారం

పోలేదు.

మార్చి 12, మంగళవారం

ఇంజన్‌కి వచ్చేది అదురు. మనుషులకి వచ్చేది వణుకు. ఇంతకాలం ఈ పుస్తకంలో మొదటి మాటే రాస్తూ వచ్చాను. రెండో మాట రాయడం ఇదే మొదటిసారి.

అమ్మకి మొదట బొటనవేలు, చూపుడువేలు. ఏదో మాత్రని నలుపుతున్నట్టు వాటంతటవే ఆడేవి. అమ్మ బట్టలు కుట్టేది. సూదిలో దారం ఎక్కించడం మా ఇద్దరికీ పంచింది, ఆటలాగా. ఎవరు ముందు ఎక్కిస్తే వాళ్లు గొప్ప. అది ఆట కాదని మాకు తెలిసేసరికి ఆవిడ స్పూను ప్లేటు అంచుకి తగిలి టకటకలాడుతోంది. ఆ చప్పుడు వినబడకుండా తమ్ముడు భోజనాల దగ్గర గట్టిగా పాటలు పాడేవాడు.

అమ్మ పోయాక ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతాం? ఇద్దరం చేతులతో బతికేవాళ్లం.

విమానంలో లోపం లేదు. ప్లగ్గులు కొత్తవి, రబ్బరు కొత్తది. ప్రొపెల్లర్ చేత్తో తిప్పి రెండు కొసలూ ఒకే దారిలో వస్తున్నాయా అని నేలలో ఒక గడ పాతి మరీ చూశాం. సరిగ్గానే వస్తున్నాయి. బోల్టుల మీద రెంచ్ మళ్లీ పెట్టాం, మళ్లీ టక్కుమంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక మిగిలింది నా చెయ్యి.

ఎడమ చేత్తో చూడలేదు. చూడాలనిపించలేదు.

మార్చి 14, గురువారం

టీచరమ్మ శనివారం చెల్లెల్ని తీసుకుని కొండల మీదుగా సముద్రం పక్కనున్న మైదానానికి వెళ్తుందట. చెల్లెలు ఇంతవరకు విమానం ఎక్కలేదు. "అరవై ఏళ్లొచ్చాక దాన్ని ఒప్పించాను. ఇంజన్ మీద ఒట్టేసి మరీ చెప్పాను," అంది టీచరమ్మ.

నవ్వాను. నవ్వి, ఇంజన్ మూత బిగించాను. కుడి చేతిలో స్క్రూడ్రైవర్ ఉందో లేదో చూస్తే తప్ప తెలియలేదు.

మార్చి 15, శుక్రవారం

ఉందని చెబితే తమ్ముడు నా చేతుల వంక చూస్తాడు. లేదని చెబితే ఆవిడ ఎగురుతుంది.

మార్చి 16, శనివారం

వివరంగా రాయాలి. ఇవాళ ఏం జరిగిందో నాకే మళ్లీ మళ్లీ చదువుకోవాలని ఉంటుంది.

పొద్దున ఎనిమిదింటికల్లా టీచరమ్మా, చెల్లెలూ వచ్చేశారు. చెల్లెలు కొత్త స్వెట్టర్ వేసుకుని, తలకి స్కార్ఫ్ కట్టుకుని, భయం తెలియకుండా ఉండటానికి కాబోలు, వరసగా చాక్లెట్లు తింటోంది. తమ్ముడు పెట్రోలు పోశాడు. నేను ఒక్కదాన్నే లోపల కూర్చుని ఇంజన్ వేడి చేస్తున్నాను.

మధ్య వేగంలో పెట్టాను. రేకు మీద కుడి చెయ్యి పెట్టబోయి ఆగాను.

నా ఎడమ చెయ్యి ఎప్పుడూ తిమ్మిరెక్కలేదు. దాన్నించి కప్పు జారలేదు. ఆ సంగతి తెలిసే ఇన్నాళ్లూ దాన్ని దూరంగా ఉంచాను. అది "ఏం లేదు" అంటే కుడి చేతి కథ తేలిపోతుంది. తేలిపోతే ఇక నేను ఈ హ్యాంగర్‌లోకి రానక్కర్లేదు. అద్దంలోంచి చూస్తే చెల్లెలు స్కార్ఫ్ ముడి మూడోసారి విప్పి కట్టుకుంటోంది.

ఎడమ చెయ్యి పెట్టాను.

తెలిసింది. కుడి చేతికంటే శుభ్రంగా తెలిసింది. మిషను తొక్కుతున్నవాళ్లు గోడ అవతలి నుంచి నా గదిలోకి వచ్చినట్టు.

ఇంజన్ ఆపి కిందికి దిగాను.  "టీచర్‌గారూ, ఇది ఇవాళ ఎగరదు," అన్నాను.

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఎందుకని?"

"అదురు ఉంది. వచ్చిన రోజు నుంచీ ఉంది."

తమ్ముడు పెట్రోలు డబ్బా దించి వచ్చాడు. వాడి ముఖం పాలిపోయింది. "అక్కా, మళ్లీ మొదలెట్టావా? పోయిందని నువ్వే చెప్పావు కదా!"

"అబద్ధం చెప్పాను. ప్రొపెల్లర్ విప్పుదాం."

"ఎన్నిసార్లు చూశాం! రెంచ్ ప్రతిసారీ టక్కుమంటూనే ఉంది కదా!"

"టక్కుమంది బోల్టు. కర్ర బిగిసిందని ఎవరు చెప్పారు?"

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. నోట్లోంచి వచ్చాకే నాకూ అర్థమైంది. ఇద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. చెల్లెలు చేతిలో చాక్లెట్ కాగితం ఉంది. "ఒకసారి ఇస్తారా అమ్మా," అని తీసుకుని, నిలువుగా మడిచి, ముందున్న ఇనప బిళ్లకీ కర్రకీ మధ్య అంచున పెట్టి నెట్టాను.

దూరింది. ఉత్తరం డబ్బాలో ఉత్తరం దూరినట్టు, ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది. రెంచ్ పూర్తి బిగువు చూపించిన బోల్టుల మధ్య.

తమ్ముడు పానాలు తెచ్చాడు. విప్పి కర్రని కిందికి దించితే, ఇంజన్‌కి ఆనుకునే వైపంతా కమిలి, చంద్రవంక ఆకారంలో నల్లగా మాడిపోయి ఉంది. కాలిన కర్ర వాసన కొట్టింది. గుండ్రంగా ఉండాల్సిన బోల్టు రంధ్రాలు కోలగా అయ్యాయి.

కారణం ఇంతే. షాపులో చిత్రిక పట్టినప్పుడు కర్ర మందం కొద్దిగా తగ్గింది. ఎండలకి ఇంకొద్దిగా కుంచించుకుపోయింది. బోల్టులు మాత్రం పాతవే, పాత పొడవే. లోపలికి వెళ్లి వెళ్లి మర చుట్లు అయిపోయి అక్కడే ఆగిపోయాయి. అవి ఇక తిరగం అని మొండికేస్తే, రెంచ్ దాన్నే బిగువనుకుంది. మధ్యలో ఉన్న కర్రని ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. తిరిగినప్పుడల్లా అది లోలోపల రాసుకుంటూ, వేడెక్కుతూ, మాడుతూ వచ్చింది.

"ఇది ఊడిపోయేదా?" అంది చెల్లెలు.

 తమ్ముడు చేతిలో పానా నేల మీద పెట్టి హ్యాంగర్ వెనక్కి వెళ్లిపోయాడు. నేను ఆ నల్లటి చంద్రవంక మీద వేలు పెట్టి రుద్దాను. మసి అంటింది. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. మాడిన కర్రని చూసి సంతోషించిన మెకానిక్ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మార్చి 17, ఆదివారం

టీచరమ్మ ఇంటికి వెళ్లి చెప్పాను. ఆ గురువారం ఆవిడ ఎగరకముందే నాకు అదురు తెలుసని. చెప్పకపోవడానికి కారణం కూడా చెప్పాను, అమ్మ సంగతి.

ఆవిడ టేబుల్ మీద బట్ట పరిచి, చాలాసేపు దాని ముడతలు సాపు చేసింది.

"నీ భయం నాకు అర్థమైంది. కానీ పైన ఉన్నది నేను," అంది.

"అవునండీ."

"ఇంక వెళ్లు. ఇవాళ నీతో మాట్లాడలేను."

వచ్చేశాను. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 18, సోమవారం

ఆయన నన్ను అడగకుండానే ఆస్పత్రిలో టైము తీసుకున్నారు. "విమానం ముక్కు విప్పి చూశావు. నీ చెయ్యి మాత్రం మూత వేసి పెట్టుకుంటావా?" అన్నారు.

విమానం సంగతి తేలింది. చేతి సంగతి తేలలేదు. అదురు నిజమే, కానీ కప్పు జారడమూ నిజమే.

మార్చి 19, మంగళవారం

డాక్టరమ్మ చిన్న మనిషి, మాట చురుకు. చేతులు ఒళ్లో పెట్టించి వందనించి వెనక్కి లెక్కపెట్టమంది. నేను లెక్కపెడుతుంటే ఆవిడ నా వేళ్ల వంకే చూసింది. నడిపించింది. మోచేతులు పట్టుకుని ఆడించింది. మణికట్టు మీద చిన్న సుత్తితో కొట్టింది. కొట్టగానే మధ్యవేలి కొసదాకా కరెంటు పాకింది.

"తిమ్మిరి ఏయే వేళ్లకి?"

"అన్నిటికీ."

"చిటికెనవేలికి కూడానా? ఆలోచించి చెప్పండి."

ఆలోచించాను. నలభై ఆరేళ్లుగా నాతో ఉన్న వేలు. దానికి తిమ్మిరి వస్తుందో రాదో నేనెప్పుడూ చూడలేదు. రాదు. ఒక్కసారీ రాలేదు.

"అమ్మగారికి ఎలా మొదలైంది?"

బొటనవేలూ చూపుడువేలూ కలిపి చేసి చూపించాను. ఆ కదలిక నా చేత్తో నేను చేయడం అదే మొదలు. 

"మీది అది కాదు," అందావిడ, మందులచీటీ మీద చెయ్యి ఆపకుండానే. "మణికట్టు దగ్గర నరం నలుగుతోంది. పానాలు తిప్పే చెయ్యి కదా. పట్టీ కట్టుకోండి, పని తగ్గించండి. తగ్గకపోతే చిన్న ఆపరేషన్, మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపోవచ్చు."

"అదురు ఎక్కువగా తెలియడం కూడా దీనివల్లేనా?"

"మొద్దుబారిన చేతికి తక్కువ తెలుస్తుందమ్మా. ఎక్కువెలా తెలుస్తుంది?"

బయటికొస్తే వరండాలో బెంచీ మీద ఆయన పక్కన తమ్ముడు. వాణ్ని ఎవరూ రమ్మనలేదు. లేచి నిలబడ్డాడు.

"ఏమంది?"

"నరం నలిగిందట. అమ్మది కాదు."

ఉన్నవాడు ఉన్నట్టే బెంచీ మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నాకోసం ఇంత బెంగపెట్టుకున్నాడా అని మనసు కరిగి భుజం మీద చెయ్యి వేశాను.

"నాకూ తెలిసిందక్కా," అన్నాడు చేతుల్లోంచే.

"ఏం తెలిసింది?"

"అదురు. మొదటి రోజే తెలిసింది."

భుజం మీద చెయ్యి తీసేశాను.

"నా చెయ్యే అనుకున్నా. ఉందని చెబితే నువ్వు నా చేతుల వంక చూస్తావని. తర్వాత నువ్వు పోయిందన్నావు చూడు, ఆ రోజు నాకింకా తెలుస్తూనే ఉంది. ఇంక నాకే వచ్చేసిందని ఖాయం చేసుకున్నా."

ఒకే రేకు మీద పక్కపక్కన చేతులు పెట్టుకుని కూర్చున్నాం. ఒకళ్లకొకళ్లం అబద్ధం చెప్పుకుని, టీచరమ్మని పైకి పంపించాం.

వాడి వీపు మీద ఒక్కటి ఇచ్చాను. ఇచ్చింది కుడి చేత్తో. ఇద్దరం ఒకేసారి "అబ్బా" అన్నాం. ఇంక నవ్వు మొదలైంది. ఆగలేదు. ఏడుస్తున్నామో నవ్వుతున్నామో తెలియక నర్సు వచ్చి, "ఎవరైనా పోయారా అండీ?" అని మెల్లగా అడిగింది.

"లేదమ్మా, తిరిగొచ్చారు," అన్నారు ఆయన.

వాణ్ని కూడా లోపలికి తోశాం. ఒంట్లో ఏమీ లేదట. గోళ్లు కొరకడం మానమందట.

మార్చి 21, గురువారం

పట్టీ కట్టుకున్న చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి.

వేరే కర్ర ప్రొపెల్లర్ వచ్చింది. దాని మందానికి సరిపడే బోల్టులూ వచ్చాయి. ఇంజన్‌లోకి బిగించే ముందు ఒక్కొక్క బోల్టునీ చేత్తో తిప్పి, మర చుట్లు ఇంకా మిగులుతున్నాయో లేదో చూశాం. పానాలన్నీ తమ్ముడే తిప్పాడు. నేను స్టూలు మీద కూర్చుని వంకలు పెట్టాను. నాకు ఈ ఉద్యోగం బాగానే నప్పేలా ఉంది.

ఇంజన్ వేశాక ఇద్దరం చేతులు పెట్టాం. "చెప్పు," అన్నాను. "నువ్వు చెప్పు," అన్నాడు. ఇద్దరం ఒకేసారి చెప్పాలని ఒప్పందం చేసుకుని, మూడు లెక్కపెట్టి, "లేదు" అన్నాం.

ఇకనించి రోజూ ఇలాగే చెబుతామట. వాడే అన్నాడు.

మార్చి 30, శనివారం

టీచరమ్మ పదిహేను రోజులుగా నాతో అవసరం ఉన్న మాటలే మాట్లాడింది. ఇవాళ హ్యాంగర్ గుమ్మం దగ్గర ఆగి, "ఎక్కు," అంది.

"నేనా?"

"మరి ఎవరు బిగించారో వాళ్లే కదా మొదట ఎగరాలి."

"బిగించింది తమ్ముడండీ. నేను స్టూలు మీద—"

"ఎక్కమన్నాను."

ఎక్కాను. ఇన్నేళ్లు ఈ ఇంజన్‌తో కాపురం చేస్తూ, దానితో పైకి వెళ్లింది వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పొలాలు, రోడ్డు, రోడ్డు మీద ఒక ఎర్ర లారీ. తమ్ముడు గింజంత అయిపోయాడు.  టీచరమ్మ ముందుకే చూస్తూ అంది.

"ఆ గురువారం సంగతి నేను మర్చిపోను. నువ్వూ మర్చిపోకు."

"మర్చిపోనండీ."

"సరే. ఇప్పుడు చూడు."

ఇంజన్ ఆపేసింది. ప్రొపెల్లర్ నెమ్మదించి, ఒకటి రెండు చుట్లు తిరిగి, అద్దం ముందు అడ్డంగా నిలబడిపోయింది. మా ఇద్దరికీ నేలకీ మధ్య ఏ చప్పుడూ లేదు, రెక్కల మీద గాలి తప్ప. నా పని ఆగిపోయిన చోట ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. ఒక వెచ్చటి గాలి కిందనించి మమ్మల్ని నెమ్మదిగా పైకెత్తింది. టీచరమ్మ ఓ పక్కకి ఒరిగించి అందులోనే చుట్లు తిప్పింది.

కాసేపటికి స్టార్టర్ నొక్కింది. ఒక్క నొక్కుకే అందుకుంది. గుండె నోట్లోకి వచ్చి, మళ్లీ దాని చోటికి అది వెళ్లింది.

"బాగుందా అమ్మాయ్?" అంది.

"బాగుందండీ," అన్నాను. ఈసారి నిజంగానే.

"దిగుదామా?"

"ఇంకో చుట్టు."

ఏప్రిల్ 6, శనివారం

టీచరమ్మ చెల్లెల్ని కూర్చోబెట్టుకుని కొండల మీదుగా సముద్రం దాకా వెళ్లి వచ్చింది. చెల్లెలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాంతులేనట. సీటు కడగడానికి నాకూ తమ్ముడికీ సాయంత్రం దాకా పట్టింది.

మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తావని అడుగుతోందట.